అసిరమ్మ చెవి వెనక గింజ

పొగ ఏడో రోజు

మూడో వరస పొగమంచు వలల పుస్తకం. రాస్తున్నది దేవుడమ్మ. పన్నెండు వలల్లో పదకొండు బాగున్నాయి. ఒకదాని కింది అంచు గాలికి చిరిగితే కుట్టాను. వలల కింద నీళ్లు పట్టే దోనెలు తుడిచాను. తొట్టిలో చేరిన నీళ్లు నలభై రెండు బిందెలు.

రాయవలసింది ఇంతే. ఇరవై రెండేళ్లుగా ఇంతే రాశాను. ఇవాళ మాత్రం పుస్తకం తిరగేసి వెనక పుటల్లో ఇంకో నాలుగు ముక్కలు రాస్తున్నాను. దాలినాయుడు ఏడాది చివర ముందు పుటల్లో బిందెల లెక్క చూసుకుని మూసేస్తాడు. ఆయన కొండకి పెద్ద, ఆయనే చూడకపోతే ఇంకెవరూ చూడరు.

నీళ్ల తాళం ఈ ఏడు కూడా అసిరమ్మకే ఇచ్చారు.

పొద్దున తొట్టి దగ్గర అందరం నిలబడ్డాం. దాలినాయుడు తాళంచెవిని ఎర్ర తాడుకి గుచ్చి ఆవిడ నడుముకి కట్టాడు. ఆడవాళ్లు ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా. నాకు కడుపు మండిపోయింది. మా తాతలు ఈ కొండ కింద సముద్రంలో చేపలకి వలలు వేసేవారట. సముద్రం ఊళ్లు మింగుతూ పైకొచ్చాక కొండెక్కి, అవే వలలు పొగమంచుకి అడ్డంగా కట్టుకుని, కారిన చుక్కలు తాగి బతికారు. ఆ వలలు కుట్టేది నేను. నా కుట్టు చూసి మిగతా వరసలవాళ్లు నేర్చుకుంటారు. ఇది గొప్పలు పోవడం కాదు, ఉన్న మాట. ఇరవై రెండేళ్లలో ఒక్క గరిటె నీళ్లు ఎక్కువ తాగలేదు, ఒక్క వల సగంలో వదల్లేదు. నాకు మాత్రం తాళం రాదు. ఎందుకంటే నా చెవి వెనక గింజ లేదు.

అసిరమ్మకి ఉంది. ఏడేళ్ల కిందట, పొగ సరిగా రాని ఏడు, తొట్టిలో నీళ్లు రోజూ దొంగిలించింది ఆవిడే. పోనీ దాహానికా? కాదు. మల్లె అంటుకి పోసింది. ఊరంతా పెదవులు పగిలి కూర్చుంటే ఆవిడ గుమ్మంలో మల్లెలు పూశాయి. ఆ వారంలోనే మా ఆయన ఎరకయ్య నీళ్ల కోసం కింది ఊటకి దిగబోయి జారి పడ్డాడు. ఆ మోకాలు ఇవాళ్టికీ వంగదు. దొంగ దొరికాక, దిగువకి పొమ్మనకుండా గింజ పెట్టించారు. చెడ్డ పనికి చెయ్యి లేస్తే చాలు, చెవి వెనక నరంలో ముల్లు గుచ్చినట్టు నొప్పి పుట్టి చెయ్యి దానంతటదే దిగిపోతుందట. అందుకని కొండమీద ఒక పద్ధతి పెట్టుకున్నారు. తాళాలన్నీ గింజ ఉన్నవాళ్లకే. నీళ్ల తాళం, విత్తనాల గది తాళం, మందుల పెట్టె తాళం, పడవ తాళం. నలుగురు దొంగలకి నాలుగు తాళాలు. తప్పు చెయ్యనివాళ్లు బిందె పట్టుకుని వరసలో నిలబడాలి.

పొగ పన్నెండో రోజు

వలలన్నీ బాగున్నాయి. నీళ్లు ముప్పై తొమ్మిది.

అయిదో వరస వాళ్ల పసిబిడ్డకి మొదటి నీళ్లు పట్టారు. ఇదివరకు ఆ పని బిడ్డ మేనత్త చేసేది. ఇప్పుడు అసిరమ్మని పిలుస్తున్నారు. ఆవిడ వేలితో నాలుక మీద చుక్క వేస్తే బిడ్డకి మంచి బుద్ధి వస్తుందట. ఎవరు మొదలుపెట్టారో ఈ మాట. ఆవిడ బిడ్డని ఎత్తుకుని నవ్వుతుంటే చూశాను. నాకంటే పదేళ్లు చిన్నది, జుట్టు ఇంకా నల్లగానే ఉంది. కొండమీద నీళ్లు పోసుకునేది ఏడాదికి నాలుగుసార్లయితే ఆ జుట్టు అలా ఎలా ఉంటుందో నాకు అర్థం కాదు. చీర కుచ్చిళ్లు కూడా వెయ్యిమందిలో ఉన్నా తెలిసిపోయేలా పెడుతుంది.

నా వాటా నీళ్లు పట్టుకునేటప్పుడు నేను ఎప్పుడూ చేసేదే చేశాను. బిందె ఆవిడ చేతికి ఇవ్వకుండా కింద పెట్టాను. ఆవిడ వంగి పోసింది. పక్కకి తిరిగి నిలబడి, పోశాక తీసుకున్నాను. ఆ మాత్రం అవమానం చేసే హక్కు నాకుందనే అనుకుంటాను.

ఇంటికొస్తే మా ఆయన ఆవిడ గరిటెకి కొత్త పిడి చెక్కుతున్నాడు. నా వల సూదికి పిడి ఊడి రెండు నెలలైంది. ఆయన మోకాలు ఎవరి పుణ్యమో గుర్తుందా అని అడిగాను. ఆ అసిరమ్మ వేరు, ఈ అసిరమ్మ వేరు అన్నాడు. చెక్క మీద ఊదుకుంటూ అన్నాడు, నా మొహం కూడా చూడలేదు.

మూడేళ్ల కిందట దిగువ నుంచి పడవలో వచ్చే డాక్టరమ్మని నేనే అడిగాను, నాకూ గింజ పెట్టమని. ఆవిడ నవ్వింది. మంచివాళ్లకి ఎందుకమ్మా, ఉన్నవే తక్కువ అంది. ఆ మాట చాలా రోజులు తలుచుకుని సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే తల తీసేసినట్టుంటుంది.

పొగ పంతొమ్మిదో రోజు

నీళ్లు నలభై అని ముందు పుటలో రాశాను. అబద్ధం కాదు. తొట్టి దాకా వచ్చినవి నలభయ్యే.

తొట్టి అడుగున మట్టి తూము ఒకటుంది. అడుగున పేరుకున్న బురద పోవడానికి నెలకోసారి దాని బిరడా తీస్తాం. దానికి తాళం ఉండదు. అది వలలవాళ్ల పని, అంటే నా పని. ఈరోజు మధ్యాహ్నం అందరూ అంబలి తాగడానికి వెళ్లినప్పుడు బిరడా తీశాను. బురద రావడం అయిపోయింది, తేట నీళ్లు వస్తున్నాయి, నేను బిరడా పెట్టలేదు. ఎనిమిది బిందెలు ఉంటాయేమో. రాళ్ల మధ్యకి పోయాయి.

చెయ్యి వణకలేదు. అదొక్కటే ఇక్కడ రాసుకోవాలనిపించింది. ఎవరి చెవి వెనకా ఏ ముల్లూ గుచ్చలేదు.

రేపు పొద్దున అసిరమ్మ గీతల కర్ర ముంచి కొలుస్తుంది. తాళం ఆవిడ దగ్గర, నీళ్లు తక్కువ. ఇక ఆ తర్వాత ఊరు చూసుకుంటుంది.

పొగ ఇరవై మూడో రోజు

ఊరు చూసుకుంది. నన్ను చూసుకుంది.

కర్ర మీద తడి గీత దిగిందని అసిరమ్మే వెళ్లి దాలినాయుడికి చెప్పింది. నాలుగు రోజుల్లో నేను ఇంకో రెండుసార్లు తూము తీశాను, ఆవిడ రెండుసార్లూ చెప్పింది. ఎవరైనా ఆవిడ నడుము వంక చూస్తారనుకున్నాను. ఒక్కరూ చూడలేదు. గింజ ఉన్న మనిషి తియ్యదు, తియ్యలేదు. కాబట్టి నీళ్లు రాలేదన్నమాట, రాలేదంటే వల చిరిగిందన్నమాట, చిరిగితే మూడో వరసలోనే చిరిగి ఉండాలన్నమాట. మిగతా వరసలు నిరుడే కొత్తగా కట్టారు మరి.

నిన్న మొన్నటిదాకా నా దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లు నా వలల్లో వేళ్లు దూర్చి చూశారు. ఒకావిడ నా కుట్టు విప్పి మళ్లీ వేసింది, అదీ వంకరగా. దేవుడమ్మకి చూపు తగ్గిందేమో పాపం అని నాకు వినపడేలాగే అనుకున్నారు. నా చూపు బంగారంలా ఉంది. వాళ్ల మొహాల్లో జాలి కూడా కనపడింది.

దాని మీద ఇంకొకటి. అసిరమ్మ ముందుకొచ్చి, నాతో అక్క వరస కలిపి అందరిలో అంది.

"దేవుడప్ప కుట్టిన వల్లో తప్పుండదు బాబూ. నా కొలతే మల్లీ సూడండి."

నా పరువు ఆవిడ కాపాడింది. ఈ మాట రాస్తుంటే పళ్లు పటపటలాడుతున్నాయి.

పొగ ఇరవై తొమ్మిదో రోజు

వలలు బాగున్నాయి. నీళ్లు ముప్పై ఆరు.

అసిరమ్మ నులక మంచం కుంగిందని, బిగించిపెట్టమని మా ఆయన్ని అడిగింది. అందుకని నిన్న ఆవిడ తొట్టి దగ్గర ఉన్నప్పుడు రెండు మూత డబ్బాల నిండా నీళ్లు తీసుకెళ్లి మంచం కింద, పాత గోనె వెనక పెట్టాను. కొండమీద ఎవరి ఇంటికీ గడియ ఉండదు. నా వాటా నీళ్లే పోశాను, రెండు రోజులు పెదవులు తడుపుకుని సరిపెట్టుకున్నాను. అంత కష్టం నేను మంచి పనికి కూడా ఎప్పుడూ పడలేదు.

మా ఆయన ఇవాళ పొద్దున వెళ్లి మంచం బిగించి వచ్చాడు. వచ్చి కూర్చున్నాడు. అంబలి తాగాడు, మోకాలికి నూనె రాసుకున్నాడు. మంచం కింద ఏమైనా ఉన్నాయా అని అడగలేను కదా. మంచం ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. సాయంత్రానికి నేను ఆగలేకపోయాను. అక్కడేదో చూశావు, నాకు చెప్పడం లేదు అన్నాను.

"నానేటీ సూణ్నేదు."

"సూసేవు. నీ మొకమే సెప్తంది మావా."

"సూసినా సెప్పను. ఆ అసిరమ్మ గుంటని దిగువకి పంపీమంతావేటి?" అన్నాడు.

ముప్పై ఏళ్లు కాపురం చేశాను. పోయిన వారం ఊరంతా నా వలల్లో వేళ్లు పెడుతుంటే ఈయన ఒక్క మాట అనలేదు. ఆవిడ కోసం దొంగ నీళ్లు కడుపులో దాచుకున్నాడు. ఆవిడ మీద వేరే ఆశలేమీ లేవని నాకు తెలుసు. ఉండి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదేమో. ఆవిడంటే గౌరవం. నామీద లేనిది అదే.

నేనే లేచి దాలినాయుడి ఇంటికి వెళ్లాను. మా ఆయన చూశాడట, చెప్పడానికి మొహమాటపడుతున్నాడు అన్నాను.

పొగ ముప్పై రెండో రోజు

పడవ పంపి డాక్టరమ్మని రప్పించారు. తొట్టి ముందు బండమీద అసిరమ్మని కూర్చోబెట్టారు. డబ్బాలు రెండూ పక్కన పెట్టారు. మా ఆయన చూసిందే చెప్పి, కర్ర మీద గడ్డం ఆన్చుకుని నేల చూస్తూ ఉండిపోయాడు.

డాక్టరమ్మ చిన్న పలక ఒకటి అసిరమ్మ చెవికి ఆనించింది. గింజ పనిచేస్తుంటే పలక మీద ఆకుపచ్చ దీపం వెలగాలట. వెలగలేదు. తుడిచి మళ్లీ పెట్టింది. ఈ గింజ ఆగిపోయి నాలుగేళ్ల మూడు నెలలైందని చెప్పింది.

అప్పుడు ఎవరో మిగతా ముగ్గురివీ చూడమన్నారు. విత్తనాల ఆయన, మందుల ఆవిడ, పడవ నడిపే ఆయన. ఒక్కటీ వెలగలేదు. అన్నీ ఒకే తయారీ అట, ఒకటి అయిదేళ్ల కిందట, ఒకటి మూడేళ్ల కిందట, ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. డాక్టరమ్మ ఏడాదికోసారి జ్వరాలు చూడటానికి వస్తూనే ఉంది. గింజలు చూడమని ఎవరూ అడగలేదు, ఆవిడకీ తోచలేదు. తాళాలు ఇచ్చేసి అందరం నిశ్చింతగా ఉన్నాం.

దాలినాయుడు అడిగాడు. "నీల్లు తీసేవా అసిరమ్మా?"

"తియ్యనేదు."

"గింజ సచ్చిపోనాదని నీకు తెలుసునా?"

"తెలుసు."

ఆ మాటతో అయిపోయింది. తెలిసి చెప్పలేదు, అంటే దాచింది, దాచిందంటే తీసింది. రెండో తప్పుకి మళ్లీ గింజ లేదు, మూడు రోజుల తర్వాత పడవలో దిగువకి పొమ్మన్నారు. మునిగిన మేడల్లో ఇనుము విరుచుకుంటూ, ఉప్పు నీళ్లు కాచి తాగుతూ అక్కడ జనం ఎన్నాళ్లు బతుకుతారో అందరికీ తెలుసు. మిగతా ముగ్గురి తాళాలూ లాక్కున్నారు. వాళ్లు ఏం తీశారని ఎవరూ అడగలేదు.

ఇక గింజలతో పనిలేదు, పుట్టి బుద్ధెరిగాక తప్పు చెయ్యని మనిషి కావాలి అన్నాడు దాలినాయుడు. అందరూ నా వంక తిరిగారు.

ఇన్నేళ్లు కావాలనుకున్నది దొరికింది. సంతోషమే. అబద్ధం ఎందుకు, సంతోషమే.

పొగ ముప్పై మూడో రోజు

వలలు చూడలేదు.

ఇవాళ కొండమీద సుత్తి చప్పుళ్లే. తలుపులకి గడియలు కొట్టుకుంటున్నారు. అయిదో వరస పసిబిడ్డ తల్లి బిందె కనపడలేదని పక్కింటావిడ జుట్టు పట్టుకుంది. బిందె తన మంచం కిందే ఉంది. విత్తనాల ఆయన్ని ఎదురుగా చూసి పిల్లలు పక్కకి తప్పుకున్నారు. ఏళ్ల తరబడి ఏ ముల్లూ గుచ్చకుండా గింజలన్నీ గింజల్లాగే కాపాడిన మనిషి ఆయన. మొన్నటిదాకా ఈ జనమే ఒకరి ఇంట్లో ఉప్పు అయిపోతే ఇంకొకరి ఇంట్లోకి వెళ్లి తీసుకుని, తర్వాత చెప్పేవారు.

నేను ఎనిమిదేసి బిందెలు మూడుసార్లు వదిలాను. ఇంత పోతుందని అనుకోలేదు.

పొగ ముప్పై నాలుగో రోజు

పద్ధతి ప్రకారం పాత మనిషి కొత్త మనిషికి పని చూపించాలి. పొద్దున్నే అసిరమ్మ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి, కుచ్చిళ్లు మాత్రం సరిగానే ఉన్నాయి.

తొట్టి కుళాయి సగం తిప్పాక పట్టేస్తుంది, అరచేత్తో కొడితే వదులుతుంది అని చూపించింది. రెండో వరస ముసలాయన అడగడానికి సిగ్గుపడతాడు, ఆయనకి అరగరిటె ఎక్కువ పొయ్యాలి, ఆ అరగరిటె ఇన్నాళ్లూ తన వాటాలోంచి పోసేది. పాలిచ్చే తల్లులు ఎవరెవరో చెప్పింది. అన్నీ చెప్పాక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ చేతి నుంచి నేను నేరుగా తీసుకున్నది అదే.

గింజ ఆగిందని ఎలా తెలిసిందని అడిగాను. నా నోరు ఊరుకోదు కదా.

"నీ వల్లేనప్పా," అంది. "అందరూ నా సేతికి బిందిస్తే నువ్వొక్కదానివే కింద ఎట్టీదానివి. ఒకనాడు శానా కోపమొచ్చింది. ఇదెప్పుడూ తప్పు సెయ్యనేదు, దీనికేటి తెలుస్తాది అనుకున్నాను. నీ వల కోసీదామని కత్తట్టుకుని వరస కాడికొచ్చేను. వల మీద కత్తెట్టేను. సెవి ఎనకాల ఏటీ అవ్వనేదు."

"మరెందుకు కొయ్యనేదు?"

"తెలీదప్పా. ఏదో ఒకటి ఆపుతాదని సూసేను. ఆపనేదు. అప్పుడు బయమేసింది. నన్నాపడానికి ఇంక నానొక్కదాన్నే ఉన్నానని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంటికెల్లి పొయ్యెలిగించీసేను."

అంత పెద్ద సంగతి చెప్పి, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించానంది.

ఆవిడ వెళ్లాక నేను తొట్టి అరుగు మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ ఆవిడ మంచితనమంతా గింజది అనుకున్నాను. ఆ మాట పట్టుకునే నా కుళ్లు నేను భరించాను. గింజ పెడితే ఎవరైనా మంచివాళ్లే, నేను ఏమీ పెట్టకుండానే మంచిదాన్ని అని. తీరా చూస్తే నాలుగేళ్లుగా ఆవిడకీ ఏమీ లేదు. నా వల మీద కత్తి పెట్టి తీసేసింది. నేను బిరడా తీసి మళ్లీ పెట్టలేదు. ఇరవై రెండేళ్లూ నేను మంచిదాన్నే అనుకున్నాను, నిజానికి నాకు ఎదురుపడిందే ఏమీ లేదు. ఎదురుపడిన మొదటి రోజే నీళ్లు రాళ్లలోకి పోయాయి.

నా జన్మలో ఎవరిని చూసీ ఇంత కుళ్లుకోలేదు. తాళం ఇప్పుడు నా నడుముకే ఉంది. ఆవిడ దగ్గర ఉన్నది అది కాదని ఇవాళే తెలిసింది.

పొగ ముప్పై అయిదో రోజు

పడవ ఎక్కించే ముందు అందరినీ తొట్టి దగ్గరికి పిలిచారు. అసిరమ్మ చిన్న మూట పట్టుకుని నిలబడింది. దాలినాయుడు నన్ను మొదటి గరిటె పొయ్యమన్నాడు.

నేను గరిటె కింద పెట్టి చెప్పాను.

"ఆ నీల్లు నానే ఒగ్గీసేను, మట్టి తూములోంచి. డబ్బాలు నానే ఎట్టేను. అసిరమ్మ ఏటీ సెయ్యనేదు."

దాలినాయుడు దగ్గరికి వచ్చి నా భుజం తట్టాడు. జాలి కొద్దీ చెప్తున్నావమ్మా, నీ మనసు మాకు తెలీదా అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అయ్యో అన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఊరుకోమంది. దేవుడమ్మ అంత మంచి మనిషి, దొంగ కోసం నింద నెత్తిన వేసుకుంటోందని వెనక గుసగుసలు. నా మంచి పేరు ఎంత గట్టిదో అప్పుడు చూశాను. పగలగొడదామన్నా పగల్లేదు.

అందుకని ఈ పుస్తకం తెచ్చాను. తిరగేసి, ఏడో రోజు నుంచి అందరి ముందూ చదివాను. మల్లె అంటు, నల్ల జుట్టు, కుచ్చిళ్లు, గరిటె పిడి. జుట్టు దగ్గర ఎవరో నవ్వారు. తూము దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. మా ఆయన సంగతి కూడా వదలకుండా చదివాను. ఆయన తలెత్తి నా వంకే చూశాడు. ముప్పై ఏళ్లలో అంతసేపు నన్ను ఎప్పుడూ చూడలేదు. అసిరమ్మ మాత్రం మూట మీద కూర్చుని చివరిదాకా వింది.

చదవడం అయ్యాక దాలినాయుడు నా నడుము నుంచి తాడు విప్పాడు. మొదటి తప్పుకి పద్ధతి రెండే మాటలు, గింజ పెట్టించుకోవాలి, లేదా దిగువకి పోవాలి. డాక్టరమ్మ పెట్టెలో కొత్త గింజ ఒకటుంది, అది పదేళ్లు ఉంటుందట. పెట్టించుకో దేవుడమ్మా, పెట్టించుకుంటే రేపు తాళం కూడా నీకే వస్తుంది, పద్ధతి అదే కదా అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే, ఓదార్పుగానే అన్నాడు.

వద్దన్నాను.

ఎందుకు వద్దో సరిగా చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తాను. గింజ పెడితే నేను మంచిదాన్నో కాదో నాకు పదేళ్ల దాకా తెలియదు. అసిరమ్మకి తెలుసు. కత్తి ఎత్తి దించిన చెయ్యి తనదేనని ఆవిడకి తెలుసు. అది నాకూ కావాలి. దిగువకి పోయి అయినా సరే.

మళ్లీ ఆవిడే లేచింది.

"నాలుగేల్లు నానెలాగ ఉన్నానో అప్పని అలాగే ఉండనియ్యండి. నాను జామీనుంతాను. అప్ప మల్లీ తప్పు సేస్తే ఇద్దరం ఒకే పడవెక్కుతాం."

చేతులెత్తమన్నారు. ఉండనివ్వాలని ఎత్తినవి సగం కంటే కొన్నే ఎక్కువ. అసిరమ్మకి తాళం తిరిగి ఇవ్వడానికి ఇంకొన్ని ఎక్కువ లేచాయి. ఎత్తనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు ఇంటికెళ్లి కొత్త గడియలు వేసుకున్నారు.

జామీను కూడా ఆవిడే. ఇంక ఆవిడలో దేన్ని చూసి ఏడవాలో నాకు మిగల్లేదు, అయినా ఏడుపు వస్తూనే ఉంది.

పొగ ముప్పై ఆరో రోజు

పన్నెండు వలల్లో మూడు చిరిగాయి, కుట్టాను. నీళ్లు నలభై ఒకటి.

పొద్దున అసిరమ్మ నీళ్లు పోస్తుంటే అందరూ ఆవిడ చుట్టూ చేరారు, ముందుకంటే ఎక్కువగా. నేను వరసలో చివర నిలబడ్డాను. నా వంతు వచ్చాక బిందె చేతికిచ్చాను. ఆవిడ తీసుకుని పోసింది, ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

మధ్యాహ్నం దోనెలు తుడుస్తూ తొట్టి కిందికి వచ్చాను. అందరూ అంబలికి వెళ్లారు. పైన అంబలి తాగేచోటు నుంచి ఆవిడ నవ్వు, చుట్టూ జనం నవ్వు వినపడుతున్నాయి. బిరడా నా మోకాలి ఎత్తులో ఉంది. చెయ్యి అటు వెళ్లింది. చెవి వెనక ఏమీ లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాను, చెయ్యి చెక్క మీదే ఉంది, తడిగా, చల్లగా తగిలింది. తర్వాత చెయ్యి తీసేసి, చీరకి తుడుచుకుని, వలల దగ్గరికి వచ్చేశాను.

అసిరమ్మకి నాలుగేళ్ల మూడు నెలలు. నాకు ఒక రోజు.